రాగం కొలత, కార్డ్ కొలత
(మంగళంపల్లి బాలమురళీకృష్ణ స్మరణలో త్రిపురారంలో చేసిన ఉపన్యాసం)



మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల్లో ఇప్పుడు కీబోర్డు లేని ఊరు దాదాపు లేదు. భజన మందిరంలో ఉంది, చర్చిలో ఉంది, పెళ్లి ఆర్కెస్ట్రాలో ఉంది. వాయించే పిల్లలకు చేతివేగం ఉంది, పాట వినగానే పట్టుకునే చెవి ఉంది. వాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఈ రాగానికి ఏ కార్డ్స్ వేయాలి?” చాలా మంచి ప్రశ్న. పద్యనాటకానికి హార్మోనియం పట్టిన పాతతరం ఈ ప్రశ్న వేసుకోలేదు. వాళ్లు పాడేవాడి వెంట స్వరం పట్టుకుని నడిచారు. ఈ తరం స్వరంతో పాటు ఎడమచేత్తో మూడు నాలుగు మెట్లు కలిపి నొక్కుతోంది. కాబట్టి జవాబు కూడా కొత్తగా, వివరంగా చెప్పుకోవాలి. ఈ సాయంత్రం నేను ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుతాను.

ఈ మాట బాలమురళీకృష్ణ గారిని తలుచుకునే సభలో చెప్పడానికి కారణం ఉంది. 1930 జూలై 6న తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టారాయన. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు విద్వాంసులు, తల్లి సూర్యకాంతమ్మ గారు వైణికురాలు. ఆమె బిడ్డ పసికందుగా ఉండగానే కన్నుమూశారు. త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర పాఠం నేర్చి, ఇంకా కుర్రతనం వీడకముందే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. గాత్రంతో పాటు వయోలా, మృదంగం, కంజీర వాయించారు. 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూసేదాకా ఆయన స్వరాలను పరీక్షించడం ఆపలేదు. ఎన్ని స్వరాలుంటే రాగమవుతుంది, ఎంత తగ్గించినా రాగం నిలుస్తుందా అని గొంతుతో ప్రయోగం చేసి చూపించిన మనిషి. ఆయన చేసిన రెండు చిన్న రాగాల్లో మన ప్రశ్నకు జవాబు దాగి ఉంది. అక్కడికి చేరాలంటే ముందు స్వరం, ఆ తర్వాత స్వరాల మధ్య దూరం, ఆపైన కార్డ్ అనే మూడు మెట్లు ఎక్కాలి.

స్వరాల పేర్లు అందరికీ తెలుసు. సప్తస్వరాలంటాం కానీ హార్మోనియం మీద ఒక స్థాయిలో మెట్లు పన్నెండు. షడ్జం, పంచమం కదలవు. మిగిలిన అయిదూ చోటు మార్చుకుంటాయి. మన సంప్రదాయం ఆ పన్నెండు చోట్లకు పదహారు పేర్లు పెట్టింది, నాలుగు చోట్లకు రెండేసి పేర్లుంటాయి. వాటి కలయికలను లెక్కగట్టి 17వ శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో 72 మేళాల పథకం వేశాడు. అంతకు చాలా ముందే, 1550లో, విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ రాశాడు. వీణ మెట్ల మీద ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో, ఏవి తమంతట తాము పుట్టే స్వయంభూ స్వరాలో అందులో చర్చించాడు.

ఆ స్వయంభూ స్వరం చెవికి తెలియాలంటే తంబూరా దగ్గర కూర్చోవాలి. మంద్ర షడ్జం తీగ మీటి ఊరుకోండి. తీగ ఒక్కటే, పలికేది షడ్జమే. కానీ నిదానంగా వింటే ఆ నాదం లోపల పై పంచమం వినిపిస్తుంది. ఇంకాస్త ఆగితే, ఎవరూ మీటని అంతర గాంధారం లేస్తుంది. తీగ మొత్తంగా కంపిస్తూనే సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, అయిదో వంతులుగా కూడా కంపిస్తుంది. మూడో వంతు పంచమాన్ని ఇస్తుంది, అయిదో వంతు గాంధారాన్ని ఇస్తుంది. స, గ, ప మూడూ ఒకే తీగలో 4:5:6 నిష్పత్తిలో ఉన్నాయి. పాశ్చాత్యులు మేజర్ కార్డ్ అని పిలిచేది ఇదే. కాబట్టి కార్డ్ మన చెవికి పరాయిది అనే మాట నేను ఒప్పుకోను. తంబూరా కింద కూర్చుని పాడిన ప్రతివాడూ దాన్ని వింటూనే పాడాడు.

ఇక దూరాల సంగతి. షడ్జం నుంచి తారషడ్జానికి నిష్పత్తి 2:1. పంచమానికి 3:2. శుద్ధ మధ్యమానికి 4:3. అంతర గాంధారానికి 5:4. సాధారణ గాంధారానికి 6:5. చతుశ్రుతి రిషభానికి 9:8. అంకెలు చిన్నవైన కొద్దీ రెండు స్వరాలూ ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి, పెద్దవైన కొద్దీ ఒరుసుకుంటాయి. హార్మోనియం మీద ఇదే దూరాన్ని మెట్లతో లెక్కపెట్టవచ్చు. స నుంచి నలుపు, తెలుపు కలిపి మూడో మెట్టు సాధారణ గాంధారం, నాలుగోది అంతర గాంధారం, అయిదోది శుద్ధ మధ్యమం, ఏడోది పంచమం.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. హార్మోనియం, కీబోర్డు పన్నెండు మెట్లనూ సమానంగా పంచుకుంటాయి. అందుకని వాటి గాంధారం తంబూరా గాంధారం కంటే కాస్త హెచ్చు. ఒకటో శ్రుతి మెట్టును, దాని అంతర గాంధారాన్ని కలిపి నొక్కి చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా, వేగంగా ఒక వణుకు వినిపిస్తుంది. మధ్య స్థాయిలో అది సెకనుకు దాదాపు పదిసార్లు కొట్టుకుంటుంది. అదే షడ్జ పంచమాలు కలిపి నొక్కితే ఆ వణుకు సెకనుకు ఒక్కసారి కూడా ఉండదు. ఈ తేడా మీదే హార్మోనియానికి కష్టకాలం వచ్చింది. 1940లో ఆకాశవాణి దాన్ని నిషేధించింది, 1971 దాకా ఆ నిషేధం సాగింది. మన శ్రుతిని అది పట్టలేదన్నది ఒక వాదం, గమకం పలకదన్నది ఇంకొకటి. ఆ రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయినా ఊరూరా నాటకానికి, హరికథకు, భజనకు శ్రుతిజ్ఞానం పంచింది కూడా ఆ పెట్టే. దాని లోటు తెలిసి వాడుకుంటే అది గొప్ప గురువు.

ఆ గురువు నేర్పే పాఠం ఒకటి మీరే ఇంటికి వెళ్లి చేసి చూడవచ్చు. ఒకటో శ్రుతి నుంచి తెల్లమెట్లు మాత్రమే వరసగా వాయిస్తే శంకరాభరణం. అవే తెల్లమెట్లు, ఒక్కటి కూడా మార్చకుండా, రెండో శ్రుతిని షడ్జం చేసుకుని వాయిస్తే ఖరహరప్రియ. మూడో శ్రుతి నుంచి తోడి, నాలుగు నుంచి కళ్యాణి, అయిదు నుంచి హరికాంభోజి, ఆరు నుంచి నఠభైరవి. ఏడో తెల్లమెట్టు నుంచి మొదలుపెడితే రెండు మధ్యమాలు వచ్చి, పంచమం లేకుండా పోతుంది. అందుకే అది మేళకర్త కాదు. ఇలా మెట్లు మార్చకుండా షడ్జాన్ని జరపడాన్నే మనవాళ్లు గ్రహభేదం అంటారు. పాశ్చాత్యులు ఈ ఏడింటినీ మోడ్స్ అని పిలిచి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. వాళ్ల డోరియన్ మన ఖరహరప్రియ, వాళ్ల మిక్సోలిడియన్ మన హరికాంభోజి.

నల్లమెట్లతోనూ ఇది సాధ్యమే. నాలుగున్నర శ్రుతి నుంచి నల్లమెట్లు మాత్రమే వాయిస్తే మోహన. అవే అయిదింటిలో తర్వాతి దాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి, ఆ తర్వాత హిందోళం, శుద్ధసావేరి, చివరికి శుద్ధధన్యాసి. మెట్లు అవే, చెవిలో రసం వేరు. ‘లాహిరి లాహిరి’ పాటలో మోహన వెన్నెల విన్న చెవికి హిందోళంలో ఆ వెన్నెల కనిపించదు.

ఏం మారింది? మనం ఎక్కడి నుంచి కొలుస్తున్నామో అది మారింది. మన తెలంగాణ పల్లెలో బొడ్రాయి ఉంటుంది. ఊరి హద్దులు, పండుగలు, దిక్కులు అన్నీ దాన్ని బట్టి నడుస్తాయి. రాగానికి షడ్జం బొడ్రాయి. రిషభం ఎంత దూరం, ధైవతం ఎంత దూరం అన్నది అక్కడి నుంచే లెక్క. షడ్జం చెవిలో మోగుతూ లేకపోతే రాగం పేరు చెప్పడం కూడా కుదరదు, ఎందుకంటే అవే మెట్లు అయిదారు రాగాల పేర్లు చెప్పగలవు.

కార్డ్ కొలత వేరు. అది బొడ్రాయిని అడగదు, ఇరుగుపొరుగును అడుగుతుంది. కింది స్వరానికి మధ్య స్వరం ఎంత దూరం, మధ్యదానికి పైది ఎంత దూరం అని చూస్తుంది. కింద నాలుగు మెట్లు, పైన మూడు మెట్లు ఉంటే మేజర్. కింద మూడు, పైన నాలుగు ఉంటే మైనర్. రెండు చోట్లా మూడేసి ఉంటే డిమినిష్డ్. ఆ మూడు స్వరాలూ రాగంలో ఎక్కడున్నాయన్నది దానికి పట్టదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న విషయం ఇదే: రాగం షడ్జం నుంచి కొలుస్తుంది, కార్డ్ పక్క స్వరం నుంచి కొలుస్తుంది. రెండు కొలతలూ తెలిసిన చేతికే రాగంలో కార్డ్ వేసే అర్హత వస్తుంది.

ఖరహరప్రియను తీసుకుని చూద్దాం. త్యాగరాజస్వామి కృతుల వల్లే మనకు ఇంత పెద్ద రాగంగా దక్కింది. స్వరాల మధ్య మెట్లు లెక్కిస్తే రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, రెండు. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే వరస. స నుంచి మ దాకా ఎలా నడిచిందో ప నుంచి పై స దాకా అలాగే నడుస్తుంది. ఆ రాగానికి ఉన్న నిండుతనంలో ఈ పొందికకు కూడా భాగం ఉందని నా నమ్మకం.

ఇప్పుడు ఒక స్వరం విడిచి ఒక స్వరం పట్టుకుంటూ కార్డ్స్ కడదాం. స-గ-ప మైనర్. రి-మ-ద మైనర్. గ-ప-ని మేజర్. మ-ద-స మేజర్. ప-ని-రి మైనర్. ద-స-గ డిమినిష్డ్. ని-రి-మ మేజర్. ఇందులో రెండు చోట్ల రాగం ప్రాణం ఉంది. మొదటిది మ-ద-స. షడ్జం మీద మైనర్ ఉండి మధ్యమం మీద మేజర్ రావడం ఖరహరప్రియ లక్షణం. ఎందుకంటే చతుశ్రుతి ధైవతం ఆ కార్డ్ నడుమ కూర్చుంటుంది. అక్కడ పొరపాటున మైనర్ నొక్కితే శుద్ధ ధైవతం వచ్చేస్తుంది, రాగం నఠభైరవి వైపు జారుతుంది.

రెండోది ప-ని-రి. సినిమా పాటలు వాయించే చేతికి ఒక అలవాటు ఉంటుంది. పల్లవి ముగిసి షడ్జానికి దిగే ముందు పంచమం మీద మేజర్ కార్డ్ పడుతుంది. పాశ్చాత్య సంగీతంలో ఆ కార్డ్ కాకలి నిషాదంతో ఇంటికి పిలుస్తుంది, ఆ పిలుపు అందరికీ ఇష్టం. కానీ ఖరహరప్రియలో ఉన్నది కైశికి నిషాదం. ఆ ఒక్క మెట్టు పైకి జరిగితే 22వ మేళం నుంచి 23వ మేళానికి, అంటే గౌరీమనోహరికి వెళ్లిపోతాం. గాయకుడు ఒక రాగంలో ఉంటాడు, కీబోర్డు పక్క రాగంలో ఉంటుంది. వినేవాళ్లకు పేర్లు తెలియకపోయినా ఎక్కడో ఇబ్బంది తెలుస్తుంది. ఈ రాగంలో షడ్జానికి దిగాలంటే ని-రి-మ కార్డ్ ఉంది, ఇటు మ-ద-స ఉంది. వాటి మీదుగా దిగితే స్వరం చెడదు, పాటకు వేరే అందం వస్తుంది.

మోహనలో సమస్య ఇంకో రకం. ఆ అయిదు స్వరాల్లో పూర్తి కార్డ్స్ రెండే దొరుకుతాయి. స-గ-ప మేజర్, ద-స-గ మైనర్. మధ్యమం లేదు, నిషాదం లేదు. కాబట్టి మూడు కార్డ్స్‌తో పాట నడిపే మామూలు పద్ధతి మోహనలోకి రెండు కొత్త స్వరాలను తెచ్చిపెడుతుంది. ఆర్కెస్ట్రాలో అలా చేసి అందమైన పాటలు కట్టిన సంగీత దర్శకులు ఉన్నారు. వాళ్లు తెలిసి చేశారు, రాగాన్ని పాటకు దారిగా వాడుకున్నారు. కానీ కీర్తనకు వాయిస్తున్నప్పుడు, పద్యానికి వాయిస్తున్నప్పుడు ఆ స్వేచ్ఛ లేదు. చర్చిలో వాయించే తమ్ముళ్లు కూడా ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉండడం చూస్తారు. కట్టినవాళ్లు ఆ పాటను ఆ రాగంలో తలచారని దానర్థం. దాన్ని గౌరవించి కార్డ్ ఎంచుకోవాలి.

ఈ రెండు సంగీతాలూ ఒకదాన్నొకటి పలకరించుకోవడం ఇవాళ మొదలైంది కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) పాశ్చాత్య బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. అవన్నీ శంకరాభరణంలో ఉన్నాయి. వాటిలో చాలా బాణీలు కార్డ్‌ను విడదీసి ఒక్కో స్వరంగా పరిచినట్టు నడుస్తాయి, గమకం దాదాపు ఉండదు. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చి దాన్ని మన కచేరీకి తెచ్చారు. అదే ఇంటివారు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. అందులో ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి స్వరం ఎలా కదలాలో చూపించారు. ఒకే కుటుంబం గమకం లేని బాణీనీ స్వీకరించింది, గమకాన్ని అక్షరంలో భద్రపరిచింది. రెండింటికీ దేని చోటు దానికుందని వాళ్లకు తెలుసు.

గమకం మాట వచ్చింది కాబట్టి వాయించేవాళ్లకు పనికొచ్చే సూచన ఒకటి ఇస్తాను. ఖరహరప్రియ గాంధారం నిలకడగా పలకదు, అటూ ఇటూ ఊగుతూ పలుకుతుంది. తోడి గాంధారం మరీను. గాయకుడు అక్కడ ఊగుతుంటే మీరు గాంధారాన్ని కార్డ్ మధ్యలో మేకులా కొట్టి పెడితే రెండు గాంధారాలు గొడవ పడతాయి. ఆ చోట మధ్య స్వరం వదిలేయండి. స-ప మాత్రం పట్టుకోండి. గొంతు స్వరం మీద నిలబడ్డాక గాంధారం చేర్చండి. విడవడం కూడా వాయిద్యంలో భాగమే.

ఇక బాలమురళి గారి రెండు రాగాలు. మొదటిది మహతి. స, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. నాలుగు స్వరాలు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలన్న నియమాన్ని ఎత్తిచూపి అప్పట్లో విద్వాంసులు గట్టిగా వాదించారు. ఆ వాదం పక్కన పెట్టి మెట్లు లెక్కపెట్టండి: నాలుగు, మూడు, మూడు. పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. వాళ్లు సెవెంత్ కార్డ్ అనేది ఇదే. వాళ్ల పద్ధతిలో దీనికి నిలకడ లేదు. ఇది మోగిందంటే ఇంకో కార్డ్ కోసం ఎదురుచూస్తున్నట్టే, ముందుకు జరిగితే తప్ప చెవి ఊరుకోదు.

ఆ నాలుగు స్వరాలనే బాలమురళి గారు తంబూరా ముందు పెట్టుకుని ఆలాపన చేశారు. ముందుకు జరగలేదు, ఎక్కడికీ పోలేదు. కైశికి నిషాదం దగ్గర ఆగి, అక్కడే విశ్రాంతి చూపించి, తీరిగ్గా షడ్జానికి వచ్చారు. కార్డ్ కొలతతో కొలిస్తే స్థిమితం లేని స్వరాలు, షడ్జం కొలతతో కొలిస్తే ఇంట్లో ఉన్న స్వరాలు. ఒకే స్వరసముదాయానికి రెండు ధర్మాలు ఉన్నాయని ఇంతకంటే స్పష్టంగా చూపించిన ఉదాహరణ నాకు తెలియదు.

రెండోది లవంగి. స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. పంచమం లేదు. రాసుకుంటే కటువుగా కనిపిస్తుంది, స రి మధ్య ఒక్క మెట్టే దూరం. కానీ రిషభాన్ని అడుగున పెట్టి చూడండి. రి నుంచి మ నాలుగు మెట్లు, మ నుంచి ద మూడు మెట్లు. శుద్ధమైన మేజర్ కార్డ్! మధ్యమాన్ని అడుగున పెడితే మ-ద-స మైనర్ కార్డ్. ఒక వెలుగు, ఒక నీడ రెండూ ఆ నాలుగు స్వరాల్లోనే ఉన్నాయి. షడ్జం మోగుతూ ఉండడం వల్ల ఆ మేజర్ కార్డ్ తీపి పైకి తేలదు, లోపల ఉండిపోయి రాగానికి ఆర్ద్రత ఇస్తుంది. లవంగి వింటే గుండె బరువెక్కడానికి, అయినా చేదుగా అనిపించకపోవడానికి కారణం ఇదని నేను అనుకుంటాను. ఈ రాగానికి కార్డ్ వేసేవాడు ఈ రెండిటినీ దాటి వెళ్లనక్కర్లేదు.

తక్కువ స్వరాలతో నిండుగా పాడడం మన అమ్మలక్కలకు ఎప్పటినుంచో తెలుసు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటలు చాలా వరకు మూడు నాలుగు స్వరాల్లోనే నడుస్తాయి. చప్పట్లే తాళం, గుంపు గొంతే శ్రుతి. ఆ పాటలకు కీబోర్డు పెట్టి డీజే బాక్సుల్లో వినిపిస్తున్న కాలం ఇది. అందులో లేని స్వరాలను కార్డ్స్ రూపంలో కుమ్మరిస్తే పాట కనబడకుండా పోతుంది. ఆ మూడు నాలుగు స్వరాలు ఏవో ముందు రాసుకుని, వాటి మధ్య మెట్లు లెక్కపెట్టి, వాటిలో దొరికే జతలనే వాడి చూడండి. మన పాట మన పాటలాగే వినిపిస్తుంది, కొత్తగానూ ఉంటుంది. ఈ పని చేయగల పిల్లలు ఈ సభలోనే ఉన్నారు.

వాళ్లకు నా విన్నపం ఇది. కీబోర్డు ముందు కూర్చున్న ప్రతిసారీ మొదట షడ్జ పంచమాల శ్రుతి మోగనివ్వండి, ఫోన్‌లో తంబూరా పెట్టుకున్నా సరే. కార్డ్ ముట్టుకోకముందు రాగం స్వరాలను గొంతుతో పాడండి. చక్కగా పాడలేకపోయినా పాడండి, దూరం గొంతుకే తెలుస్తుంది. ఆ తర్వాత కాగితం మీద ఆ రాగంలో పుట్టే కార్డ్స్ మీరే కట్టుకోండి. ఎవరో ఇచ్చిన పట్టిక చూసి నొక్కవద్దు. చివరగా, ఏ కార్డ్ వేస్తే రాగం చెడుతుందో అది కూడా ఒకసారి కావాలని వేసి వినండి. చెడిన చోటు విన్న చెవి మళ్లీ అక్కడ తప్పు చేయదు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడికి కీబోర్డు కొనిచ్చినప్పుడు దగ్గరలో పాట తెలిసిన పెద్దమనిషిని, నాటకాల్లో హార్మోనియం వాయించిన తాతను వెతికి కూర్చోబెట్టండి. ఆయనకు కార్డ్ పేరు తెలియకపోవచ్చు, షడ్జం విడవకుండా గంటలు గంటలు వాయించడం తెలుసు. పిల్లవాడికి షడ్జం తెలియకపోవచ్చు, కార్డ్ తెలుసు. ఆ ఇద్దరూ ఒక పెట్టె ముందు కూర్చుంటే ఈ ప్రాంతానికి కావలసిన సంగీత పాఠశాల అదే. నాలుగు స్వరాలతో రాగం నిలబెట్టిన మనిషిని తలుచుకుంటున్న మనం ఆ ఇద్దరినీ కలపడం కంటే ఆయనకు చేయగల మంచి నివాళి లేదు.